ఈత, నాటకం రెండూ కావాలి, కానీ ఇద్దరికీ అబద్ధాలు చెప్తున్నా అక్కా

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ సెకండ్ ఇయర్. ఎనిమిదేళ్ళప్పటి నుంచి ఈత కొడుతున్నా, ఇప్పుడు కాలేజీ టీమ్‌లో 100, 200 మీటర్ల బటర్‌ఫ్లై నావే. పొద్దున అయిదున్నరకి పూల్, వారంలో మూడు సాయంత్రాలు మళ్ళీ పూల్. పోయినేడాది ఫ్రెండ్ కోసమని డ్రామా రిహార్సల్‌కి వెళ్ళి ప్రాంప్టింగ్ చేశా, అంటే డైలాగు మర్చిపోయినవాళ్ళకి మాట అందించటం, అంతే ఇక వదల్లేకపోయా. ఈసారి ఆడిషన్‌లో పెద్ద పాత్రే వచ్చింది. రిహార్సల్ రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. ఇంకో అయిదు వారాల్లో మీట్, అంటే ఈత పోటీలు, అది అయిన అయిదో రోజు మా షో. కోచ్‌ సార్‌కేమో ల్యాబ్ ఉందని, డైరెక్టర్ సార్‌కేమో ఒంట్లో బాలేదని చెప్తూ నెట్టుకొస్తున్నా. 100 బటర్‌ఫ్లై 1:08 (నిమిషం ఎనిమిది సెకన్లు) లో కొట్టేదాన్ని ఇప్పుడు 1:10 దాటుతోంది. కానీ ఎంట్రీకి ముందు స్టేజ్ పక్కన వింగ్‌లో చీకట్లో నిలబడి, ఎదుటి మనిషి డైలాగులో ఆఖరి మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంటా చూడు, అప్పుడు నాకింకేం గుర్తుండదు. ఏదో ఒకటి వదిలెయ్యమంటోంది అమ్మ. వదిలేస్తే పదకొండేళ్ళ ఈత వేస్టేనా? ఏది వదలాలి?

సమాధానం:

చెల్లీ, నీ లెటర్ మూడు సార్లు చదివా. ఏది వదలాలి అని అడిగావు గానీ నాకు మాత్రం ఆ ల్యాబ్ ఉందని చెప్పటం, ఒంట్లో బాలేదని చెప్పటం, ఆ రెండు ముక్కల దగ్గరే కళ్ళు ఆగిపోయాయి. ముందు వదలాల్సింది అవి. ఈత, నాటకం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే నేనూ ఇదే చేశాను కాబట్టి. కాలేజీలో నాది బ్రెస్ట్‌స్ట్రోక్, 200 మీటర్లు. డ్రామాలో నాకు మగ వేషం వచ్చింది, మీసం అంటించుకుని చెయ్యాలి. రిహార్సల్స్ సంగతి కోచ్‌కి చెప్పలేదు, చెప్తే తిడతాడని. నిద్ర చాలక టైమింగ్స్ పడిపోతుంటే ఆయనేమనుకున్నాడు, పిల్ల బద్ధకిస్తోంది అనుకున్నాడు. అనుకుని ఏం చేశాడు, సెట్లు (వరసగా కొట్టే ల్యాపులు) పెంచాడు. నేనేమో రాత్రి పదింటికి ఇంటికొచ్చి పొద్దున్నే ఆ పెంచిన సెట్లు కొట్టటం, ఇంకా అలిసిపోవటం, టైమింగ్ ఇంకా పడిపోవటం, ఆయన ఇంకో నాలుగు రిపీట్లు కలపటం. అలా ఆరు వారాలు నడిచింది. చివరికి మోకాలి లోపలి వైపు నొప్పి మొదలైంది, బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్ వాళ్ళకి వచ్చే నొప్పే అది, ఆ సీజన్‌లో మీట్‌కి పోలేకపోయాను.

ఆయనకి ఎలా తెలిసిందంటే, ఒకరోజు పొద్దున పూల్ గట్టు మీద కూర్చుని గాగుల్స్ సర్దుకుంటుంటే దగ్గరికొచ్చి నా పై పెదవి వైపు చూసి, వేలితో చూపించి, ఏంటమ్మా అది అన్నాడు. ముందు రాత్రి మీసం అంటించిన గమ్ సరిగ్గా ఊడలేదు, సన్నటి పొరలాగా అంచు లేచి ఉంది. ఇక దాచటానికేముంది, మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నా. తిట్టలేదు. కాసేపు వాచీ వైపే చూస్తూ ఉండి, "ముందే చెప్పుంటే సెట్లు తగ్గించేవాణ్ణి కదమ్మా, నేనేమో నీకు మందు అనుకుని ఇంకా ఇంకా పోస్తూ పోయాను" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

నీ విషయంలో కూడా ఇప్పుడు జరుగుతున్నది అదే అని నా అనుమానం. నీ కోచ్ దగ్గర ఉన్న లెక్క తప్పు లెక్క, దాని మీద ఆయన ప్లాన్ వేస్తున్నాడు. బటర్‌ఫ్లైలో ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఒళ్ళు అలిసినప్పుడు ముందు నడుము కిందకి జారుతుంది, నడుము జారితే చేతులు నీళ్ళపైకి లేవటానికి భుజాలే మొత్తం బరువు లాగాలి, ఆ అలసటలో కొట్టే ఒక్కో ల్యాప్ భుజం మీద అప్పు రాసుకుంటున్నట్టే. భుజం ముందు వైపు గానీ పైన గానీ నొప్పి ఏమైనా ఉందా అసలు? లెటర్‌లో రాయలేదు. ఉంటే మాత్రం ఇది చదవటం ఆపి ముందు ఫిజియోకి చూపించుకో.

ఇప్పుడు నీ 1:10 సంగతి. దానికి నువ్వు భయపడుతున్నావు గానీ నాకంత భయం లేదు. మీట్ ముందు టేపర్ ఉంటుంది కదా, ల్యాపులు మెల్లమెల్లగా సగం దాకా తగ్గించి స్పీడ్ మాత్రం అలాగే ఉంచటం, ఆ రోజుల్లోనే ఇన్నాళ్ళ కష్టం బయటికొస్తుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్ళిన స్విమ్మర్ల మీద ఒక పరిశోధన జరిగింది, ఆఖరి మూడు వారాల టేపర్‌లో వాళ్ళ టైమింగ్స్ సగటున 2 శాతం పైన మెరుగుపడ్డాయి. 70 సెకన్లలో 2 శాతం అంటే 1.4 సెకన్లు, అంటే నువ్వు పోగొట్టుకున్నానని ఏడుస్తున్నదాంట్లో చాలా వరకు అక్కడే ఉంది. కాకపోతే టేపర్ పని చేసేది ఆ మిగిలిన టైమ్‌లో నువ్వు నిజంగా రెస్ట్ తీసుకుంటేనే. అందరూ చేసే తప్పేంటంటే ల్యాపులు తగ్గాయి కదా టైమ్ దొరికింది కదా అని ఆ ఖాళీలో ఇంకో పని దూర్చటం. నీ కేస్‌లో దూరేది రిహార్సలే, అదీ రాత్రి పూట, అదీ నిలబడి, అరిచి, ఏడ్చి, మళ్ళీ మొదటి నుంచి చేసే పని. ఒళ్ళు దాన్ని రెస్ట్ అనుకోదు.

అయినా నీకొక అదృష్టం ఉంది, గమనించావో లేదో. మీట్ ముందు, షో తర్వాత. ఇది తిరగబడి ఉంటే, షో అయిన అయిదో రోజు మీట్ అయ్యుంటే, ఈసారికి ఏదో ఒకటి వదిలెయ్యమని నేనే చెప్పేదాన్ని, ఎందుకంటే షోకి ముందు నాలుగు రోజులు లైట్లు, సౌండ్, సెట్ అన్నీ కలిపి చేసే రిహార్సల్స్ ఉంటాయి చూడు, అవి మనిషిని పిండేస్తాయి, ఒక్క లైట్ క్యూ కోసం అరగంట ఒకే చోట నిలబెడతారు. ఇప్పుడేమో మీట్ అయిపోగానే ఎలాగూ కోచ్‌లు కొన్ని రోజులు వదిలేస్తారు, ఆ రోజులు పూర్తిగా నాటకానికే. అంటే గొడవంతా మీట్ ముందు రెండు వారాల్లోనే, మిగతాది సర్దుకోవచ్చు.

కాబట్టి నేనైతే ఇలా చేస్తా. వచ్చే మూడు వారాలు ఈత గట్టిగా, రిహార్సల్ నీ సీన్లు ఉన్న రోజే. డైరెక్టర్‌ని అడుగు, ఏ రోజు ఏ సీన్ చేస్తారో ముందే రాసిమ్మని. చాలా చోట్ల అందర్నీ రోజూ పిలిచి ఒక మూల కూర్చోబెడతారు, నీ సీన్ ఎప్పుడో చివర్లో వస్తుంది, రెండు గంటలు ఊరికే పోతాయి. నీ సీన్ రోజున మాత్రం అయిదు నిమిషాలు ముందే ఉండాలి, ఇక్కడ నాకు రెండో మాట లేదు. పూల్‌కి రాకపోతే నష్టం ఎక్కువగా నీకే, రిలే అయితే ఇంకో ముగ్గురికి. నాటకంలో అలా కాదు, నువ్వు లేని రోజు నీ ఎదుట నటించాల్సిన అమ్మాయి కుర్చీకి డైలాగు చెప్పుకోవాలి, కుర్చీ తిరిగి ఏం చూపు ఇస్తుంది, దాంతో ఆమె పాత్ర కూడా ఆగిపోతుంది. నువ్వు ఒంట్లో బాలేదని పడుకున్న ప్రతి సాయంత్రం ఇంకొకరి పని కూడా పడుకుంది. కోపంతో చెప్పట్లేదు, ఈ లెక్క నీకు ఎవరూ చెప్పి ఉండరని చెప్తున్నా.

రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉన్న రోజు మర్నాడు పొద్దున అయిదున్నరకి పూల్‌లో ఉండొద్దు. లెక్క వేసుకో, ఇంటికొచ్చి తిని పడుకునేసరికి పదకొండు, లేచేది నాలుగుముప్పావుకి, ఆరు గంటలు కూడా లేదు. నీ వయసులో ఇంత ట్రైనింగ్ చేసే మనిషికి ఎనిమిది గంటలు తక్కువలో తక్కువ. ఆ సెషన్ సాయంత్రానికి మార్చమని అడుగు, లేదా వారానికి ఒకటి వదులుకో, కానీ మెయిన్ సెట్, అంటే అసలు కష్టమైన ల్యాపులు, ఉన్న సెషన్ వదలొద్దు, ఈజీ ల్యాపులున్నది వదులు. ఏది ఏదో కోచే చెప్పాలి, అందుకే ఆయనకి నిజం తెలియాలి అంటున్నా. ఈ మూడు వారాల్లోనే డైలాగులు మొత్తం నోటికి వచ్చెయ్యాలి, స్క్రిప్ట్ చేతిలో లేకుండా. టేపర్ మొదలయ్యే రోజుకి స్క్రిప్ట్ పని అయిపోయుంటే ఆ రెండు వారాలు వారానికి మూడు సాయంత్రాలు చాలు, అదీ ఎనిమిదిన్నరకి బయటపడేలా.

డైలాగులకి పూల్‌ని మించిన చోటు లేదు తెలుసా. కాళ్ళ ప్రాక్టీస్‌కి చేతుల్తో పట్టుకునే పలక, అదే కిక్‌బోర్డ్, తడిపి దాని మీద పేపర్ పెడితే అలా అతుక్కుపోతుంది, పెన్సిల్‌తో రాసింది అయితే చెరగదు, పెన్ను అయితే నీలంగా కారిపోతుంది. ఒక వైపు వెళ్ళేటప్పుడు ఎదుటి వాళ్ళ మాట చదవటం, తిరిగి వచ్చేటప్పుడు నా మాట పేపర్ చూడకుండా అనుకోవటం, నేను మూడో అంకం మొత్తం అలాగే నేర్చుకున్నా. ఈజీ కిక్ సెట్‌లో మాత్రమే సుమా, మెయిన్ సెట్‌లో డైలాగులు పెట్టుకుంటే ఇటు టైమూ పోతుంది, అటు మాటా రాదు.

గొంతు గురించి ఒక మాట, ఎందుకంటే ఇది స్విమ్మర్లకే ఉండే ఇబ్బంది, డ్రామా వాళ్ళకి తెలీదు. పూల్‌లో క్లోరిన్, మన చెమట, ఒంటి మురికి కలిసి క్లోరమైన్లు అనేవి తయారవుతాయి, పూల్ వాసన అని మనం అనుకునేది చాలా వరకు అదే. ఇవి నీళ్ళకి కాస్త పైనే పేరుకుంటాయి, సరిగ్గా మనం నోరు తెరిచి గాలి లాక్కునే చోట, ఇండోర్ పూల్ అయితే మరీ. అందుకే సాయంత్రం ప్రాక్టీస్ చేసి నేరుగా రిహార్సల్‌కి వెళ్తే గొంతు గరగరమంటుంది, దాన్ని దాటించాలని ఇంకా గట్టిగా అరుస్తాం, అది ఇంకా పాడవుతుంది. ప్రాక్టీస్ అవ్వగానే నోరు పుక్కిలించి, నీళ్ళు బాగా తాగి, ఓ అరగంట మాట్లాడకుండా ఉండి ఆ తర్వాతే పెద్ద గొంతు ఎత్తు. గొంతు బొంగురుపోయిన రోజు డైరెక్టర్‌కి చెప్పి డైలాగులు మామూలు గొంతుతో చెప్పు. గుసగుసలాడితే గొంతుకి రెస్ట్ అనుకుంటారు, దానికీ శ్రమే.

ఊపిరి విషయంలో మాత్రం నువ్వు అందరికంటే ముందున్నావు. చటుక్కున నిండుగా గాలి తీసుకుని నెమ్మదిగా వదలటం మనకి చిన్నప్పటి నుంచి అలవాటు, పొడుగు డైలాగుకి కావల్సిందీ అదే. కాకపోతే మనకి భుజాలు ముందుకి వంగిపోయే గుణం ఉంటుంది, స్టేజ్ మీద అది భయపడుతున్న మనిషిలా కనిపిస్తుంది. నీ పాత్ర అలాంటిది కాకపోతే రోజూ గోడకి వీపు ఆనించి రెండు నిమిషాలు నిలబడు.

ఇక ఎవరో ఒకరు నీకు ఈతగాళ్ళు యాక్టర్లయిన కథలు చెప్తారు, చెప్పే ఉంటారు. జానీ వైస్‌ముల్లర్ 1922లో 100 మీటర్ల ఫ్రీస్టయిల్ నిమిషం లోపు కొట్టిన మొదటి మనిషి, 1924, 1928 ఒలింపిక్స్‌లో ఈతలో అయిదు గోల్డ్ మెడల్స్, తర్వాత టార్జాన్ వేషం. ఎస్తర్ విలియమ్స్ 1939లో అమెరికా నేషనల్ ఛాంపియన్, 1940 ఒలింపిక్స్ యుద్ధం వల్ల రద్దవటంతో వాటర్ షోల్లోకి, అక్కణ్ణుంచి సినిమాల్లోకి వెళ్ళింది. నాకు వీళ్ళలో ఇష్టమైనవాడు ఇటలీ కార్లో పెదెర్సోలి, 1950లో ఆ దేశంలో 100 మీటర్లు నిమిషం లోపు కొట్టిన మొదటివాడు, 1952, 1956 ఒలింపిక్స్‌కి వెళ్ళాడు, ఆ రోజుల్లోనే అడపాదడపా చిన్న చిన్న వేషాలు వేశాడు, బడ్ స్పెన్సర్ అనే పేరుతో సినిమా నటుడిగా జనానికి బాగా తెలిసింది మాత్రం 1960ల చివర్లో. ఈ కథలు విని చూశావా రెండూ చెయ్యొచ్చు అంటారు. చెయ్యొచ్చు, కానీ సరిగ్గా చూడు, వాళ్ళలో ఎవరూ ఒకే నెలలో రెండింట్లోనూ శిఖరం ఎక్కలేదు. ఒకటి పెద్దగా ఉన్నప్పుడు ఇంకోటి చిన్నగా ఉంది. నీకు కూడా జీవితం మొత్తానికి ఒకటి ఎంచుకోవాల్సిన పని ఇప్పుడు లేదు, ఈ సెమిస్టర్‌లో ఏది పెద్దది, వచ్చే సెమిస్టర్‌లో ఏది పెద్దది, అంతవరకే తేల్చుకో, అదీ ఆడిషన్‌కి ముందు, మీట్ ఎంట్రీలకి ముందు తేల్చుకో.

కోచ్‌కి ఎలా చెప్పాలి అంటావు కదా. పొద్దున అయిదున్నరకి ఆయన చేతిలో వాచీ పట్టుకుని ఎనిమిది మందిని చూస్తున్నప్పుడు చెప్పకు. ప్రాక్టీస్ అయ్యాక, అందరూ వెళ్ళాక, ఒక పేపర్ మీద అయిదు వారాలూ గీసి, రిహార్సల్స్ ఎప్పుడు, మీట్ ఎప్పుడు, షో ఎప్పుడు అన్నీ రాసుకుని వెళ్ళు. "సార్, ఇన్నాళ్ళూ మీకు అబద్ధం చెప్పాను, ల్యాబ్ లేదు, నాటకం వేస్తున్నా, అందుకే టైమింగ్ పడిపోయింది, ఇదీ నా వారం, దీంట్లో ఏ సెషన్లు నేను అస్సలు వదలకూడదో చెప్పండి" అని అడుగు. నాటకం వెయ్యనా అని పర్మిషన్ అడక్కు, ఏ సెషన్లు వదలకూడదు అని అడుగు, తేడా ఉంది, మొదటిదానికి ఆయన వద్దనొచ్చు, రెండోదానికి ఆయన ఆలోచించి తీరాలి. డైరెక్టర్‌కీ అదే పేపర్. ఇద్దరికీ ఒకే పేపర్.

కోపం రావచ్చు, రానీ. ఏదో ఒకటే అని తెగేసి చెప్తే, నేనైతే ఈ మీట్‌కి 200 వదిలేసి 100 మాత్రమే కొడతానని చెప్పి చూస్తా, ట్రైనింగ్ బరువు కూడా తగ్గుతుంది, ఎంట్రీలు పంపకముందే చెప్తే ఆ స్లాట్ ఇంకొకరికి వెళ్తుంది. నాటకం నుంచి ఇప్పుడు తప్పుకోవటం మాత్రం నాకు ఇష్టం లేదు. షోకి ఆరు వారాలు కూడా లేదు, పెద్ద పాత్ర ఒప్పుకున్నావు, దాని చుట్టూ ఇంతమంది వాళ్ళ సాయంత్రాలు ఇచ్చారు.

అమ్మ గురించి ఎక్కువ రాయను. ఆవిడ నీ కళ్ళ కింద నలుపు చూసి అంటోంది, నిద్ర పెరిగితే ఆవిడ మాట కూడా మారుతుంది. చదువు కూడా అంతే, క్లాసులో నిద్రపోకుండా ఉంటే సగం గట్టెక్కినట్టే.

పదకొండేళ్ళు వేస్టేనా అన్నావు. ఇక్కడ ఒకటి చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను, చెప్పేస్తున్నా. నీ లెటర్‌లో ఈత గురించి నువ్వు రాసినవన్నీ అంకెలే. 100, 200, అయిదున్నర, 1:08, 1:10. నాటకం దగ్గరికి వచ్చేసరికి చీకటి, వింగ్, ఎదుటి మనిషి ఆఖరి మాట, చెవులు రిక్కించుకోవటం. నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. దాన్ని బట్టి నీ మనసు ఎటో తేలిపోయిందని నేను అనను, ఎందుకంటే అలిసిపోయిన స్విమ్మర్‌కి మిగిలేది అంకెలే, నాకూ ఆ ఆరు వారాలు నీళ్ళంటే నీలం గోడ మీద నల్ల గీత, అంతే. అందుకే ఈ ప్రశ్న ఇప్పుడు తేల్చొద్దంటున్నా. షో అయ్యాక ఒక రెండు వారాలు పూల్‌కి వెళ్ళకు. ఫిట్‌నెస్ కాస్త తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, దాని గురించి బెంగ వద్దు. ఆ తర్వాత ఒకరోజు వాచీ లేకుండా, కోచ్ లేకుండా, ఖాళీగా ఉన్న టైమ్ చూసుకుని దిగు. మొదటి బటర్‌ఫ్లై స్ట్రోక్‌లో ఛాతీ నొక్కినప్పుడు నడుము దానంతటదే పైకి లేస్తుంది కదా, ఆ క్షణం నీకు ఎలా ఉందో చూసుకో, చూసుకుని నాకు రాయి. ఈసారి అంకెలు లేకుండా రాయి.

ఇంకోటి మర్చిపోయాను, షో రోజు పొద్దున ఒళ్ళు తేలికపడటానికి ఈత కొట్టాలనిపిస్తే కొట్టు గానీ గాగుల్స్ బిగించుకోకు. కళ్ళ చుట్టూ ఆ గుండ్రటి గీతలు పడితే ఓ పట్టాన పోవు, మేకప్ వేసినా లైట్ల కింద నీడలా తెలుస్తాయి. మొదటి షోకి నాకు అలాగే అయింది, ముందు వరసలో కూర్చున్న మా పూల్ వాళ్ళందరూ మీసం ఉన్నా సరే నన్ను గుర్తుపట్టేశారు.